చూపుకు కంచె, వేరుకు కంచె

హైదరాబాద్‌కు పడమట మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పొలాలు ఫామ్‌హౌస్‌లుగా, విల్లాలుగా మారుతున్నకొద్దీ నర్సరీల్లో ఒక ప్రశ్న మామూలైపోయింది: స్విమ్మింగ్ పూల్ చుట్టూ నాటడానికి, తొందరగా ఎదిగి అవతలివాళ్ళ కంట పడనివ్వని మొక్క ఏది? కడియం నర్సరీల నుంచి లారీల్లో దిగే మొక్కల్లో దీనికి సమాధానాలు చాలానే ఉన్నాయి. అమ్మేవాళ్ళు ఎత్తు, గుబురు, ధర చెబుతారు. కొనేవాళ్ళూ వాటినే అడుగుతారు. కానీ ఇది తోటపని కన్నా ముందు ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని నా వాదన. పూల్ దగ్గర మరుగు కోరుకునే మనిషి నిజానికి చాలా పెద్ద మాట అంటున్నాడు. తన ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, తన వస్తువు ఎవరూ ఎత్తుకుపోలేదు. అయినా పక్కింటి డాబా మీంచి పడే చూపు తనకు అన్యాయం చేస్తోందని అంటున్నాడు. ఆ మాట నిజమేనని నేను నమ్ముతాను. నిజమైతే మాత్రం దాన్ని సగంలో ఆపడానికి వీల్లేదు. కంచె దాటి వచ్చే చూపు తప్పయినప్పుడు, కంచె దాటి వెళ్ళే వేరు, పుప్పొడి, విషం కూడా తప్పే అవుతాయి. మొదటిదాన్ని హక్కుగా అడిగినవాడు రెండోదాన్ని బాధ్యతగా ఒప్పుకోక తప్పదు. మొక్క ఎంపిక ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

చూపు వల్ల హాని ఉంటుందా అన్నది పాత ప్రశ్నే. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్రం మిష్నాలో బావా బత్రా అనే భాగం ఇరుగుపొరుగు తగాదాల కోసమే ఉంది. ఉమ్మడి వాకిట్లోకి ఎవరూ కొత్తగా కిటికీ తెరవకూడదని, ఎదుటి గుమ్మానికి సూటిగా గుమ్మం గానీ కిటికీకి సూటిగా కిటికీ గానీ పెట్టకూడదని అందులో నియమం. చూడటాన్నే ఒక నష్టంగా లెక్కగట్టవచ్చా అని తరవాతి శతాబ్దాల తాల్ముద్ (మిష్నా మీది చర్చల సంకలనం) పండితులు ఆ భాగం మొదట్లోనే సుదీర్ఘంగా వాదించుకున్నారు. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం పద్దెనిమిదో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ కూడా అచ్చం ఇలాంటిదే: ఫలానా ఊరి ఆచారం ప్రకారం పొరుగువాడి మరుగుకు భంగం కలిగేలా ఇంటికి కొత్త కిటికీ పెట్టకూడదు. ఆ చట్టం మొట్టమొదట అమల్లోకి వచ్చిన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, అంటే నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా. 1888లో గోకల్ ప్రసాద్, రాధోల మధ్య నడిచిన కేసులో, పొరుగింటి ఆడవాళ్ళుండే భాగం కనపడేలా కట్టిన వరండా, తలుపుల విషయమై అలహాబాద్ హైకోర్టు ఆచారం వల్ల సంక్రమించే మరుగు హక్కును గుర్తించింది. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. ఇన్ని కాలాల్లో, ఇన్ని మతాల మధ్య, ముట్టుకోకుండా చేసే హాని ఒకటుందని మనుషులు ఒప్పుకుంటూనే వచ్చారు.

దీనికి ఎదురుగా భాగవతంలోంచే ఒక గట్టి అభ్యంతరం తేవచ్చు. ప్రథమ స్కంధంలో శుకుడు దిగంబరంగా నడిచి వెళ్తుంటే, కొలనులో స్నానం చేస్తున్న దేవతాస్త్రీలు సంకోచించలేదు. వెనకే బట్టలు కట్టుకుని వస్తున్న వ్యాసుణ్ణి చూసి మాత్రం సిగ్గుతో వలువలు చుట్టుకున్నారు. వ్యాసుడు ఆశ్చర్యపడి కారణం అడిగితే, ఆడ, మగ అనే భేదం నీలో ఉంది, నీ కొడుకులో లేదు అన్నారు. అంటే దోషం చూసే కంటిలో ఉంది, నీళ్ళలో ఉన్న ఒంటిలో లేదు. మరి సరిచెయ్యవలసింది కంటినైతే మొక్కలు ఎందుకు నాటడం? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ కథలో ఇంకో సంగతి ఉంది. ఆ భేదం పోనివాడు వేదాలను విభజించిన వ్యాసుడు. అంతటివాడికే పోనిది మన పక్క విల్లా బాల్కనీలో నిలబడ్డవాడికి పోయిందని అనుకోవడం అత్యాశ. ఆ స్త్రీలు వ్యాసుణ్ణి తిట్టలేదు, వెళ్ళిపొమ్మనలేదు, వలువ చుట్టుకున్నారు. దడి కట్టుకోవడం పొరుగువాణ్ణి దొంగగా అనుమానించడం కాదు. మనుషులం అందరం ఇంకా శుకులం కాలేదని ఒప్పుకోవడం అది.

అయితే చాటు ఎంత దట్టంగా ఉంటే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. దానియేలు గ్రంథంలో భాగంగా కాథలిక్, ఆర్థడాక్స్ బైబిళ్ళలో సూసన్న కథ ఉంది. బాబిలోనులో భర్త తోటలో, తలుపులు మూయించి ఆమె స్నానానికి సిద్ధమైంది. ఆమెను చాటుగా చూసిన ఇద్దరు పెద్దలు, న్యాయం చెప్పే పదవిలో ఉన్నవాళ్ళు, గోడ బయట లేరు. అదే తోటలో, చెట్ల మరుగునే నక్కి ఉన్నారు. తరవాత ఆమె మీద వ్యభిచార నింద వేశారు. దానియేలు ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, ఏ చెట్టు కింద చూశారని అడిగితే ఒకడు ఒక చెట్టు పేరు, రెండోవాడు ఇంకో చెట్టు పేరు చెప్పి దొరికిపోయారు. పూల్ పక్కన చెట్లు పెంచేవాళ్ళు ఈ కథను ఒక్కసారైనా తలుచుకోవాలి. ప్రహరీ గోడకూ మొక్కల వరసకూ మధ్య మనిషి నిలబడేంత సందు వదిలితే, మన చాటు ఇంకొకడికి మాటు అవుతుంది. వరస పైన గుబురుగా ఉండాలి. మొదళ్ళ దగ్గర, ఇంటి వైపు నుంచి చూస్తే కాళ్ళు కనపడేంత ఖాళీగా ఉండాలి.

బాధ్యత ఒకరిదే అని ఏ సంప్రదాయమూ చెప్పలేదు. నగ్నంగా స్నానం చెయ్యకూడదని మనుస్మృతి నాలుగో అధ్యాయం స్నానం చేసేవాళ్ళకు చెబుతుంది. ఖురాన్ ఇరవై నాలుగో సూరాలో చూపు దించుకొమ్మనే ఆజ్ఞ ముందు మగవాళ్ళకు, ఆ తరవాతి వాక్యంలో ఆడవాళ్ళకు వస్తుంది. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళ రేవు వేరుగా ఉండేది, అటుగా వెళ్ళే మగవాడు దూరం నుంచే దగ్గి తన రాక తెలియజేసేవాడు. పెరట్లో స్నానాల దగ్గర తాటాకు తడకో కొబ్బరాకు దడో ఉండేది. తడకలో సందులు ఉండనే ఉంటాయి. ఆ సందుల్ని పూడ్చింది దగ్గుతూ వెళ్ళేవాడి మర్యాదే.

ఇక వేరు సంగతి. చూపును హానిగా చర్చించిన ఆ బావా బత్రాలోనే, కిటికీల నియమానికి ముందు అధ్యాయంలో చెట్ల నియమాలున్నాయి. పొరుగువాడి నీళ్ళ గుంటకు ఇరవై అయిదు మూరల దూరంలో చెట్టు ఉండాలి. వేర్లు దూరం పాకే కేరబ్, అత్తి జాతి చెట్లయితే యాభై మూరలు. ఒకే పుస్తకంలో కిటికీ, వేరు పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికమని నేను అనుకోను. రెండూ హద్దు దాటేవే. రెండిట్లోనూ హద్దు దాటించినవాడు తన స్థలంలోనే నిలబడి ఉంటాడు. రబ్బీ యోసే అనే పండితుడు అక్కడే అడ్డుపడ్డాడు: ఇతను తన నేలలో తవ్వుకున్నాడు, అతను తన నేలలో నాటుకున్నాడు, ఇందులో తప్పేముంది? ఈ రోజు ఏ విల్లా యజమానిని అడిగినా సరిగ్గా ఇదే అంటాడు, నా స్థలం, నా మొక్క అని. తాల్ముద్ ఈ వాదనకు గౌరవం ఇచ్చింది, చెట్టు విషయంలో తీర్పు కూడా యోసే పక్షానే చెప్పింది. కానీ నేరుగా బాణం వేసినట్టు అవతలివాడికి తగిలే హానిని మాత్రం యోసే కూడా ఒప్పుకోడని పండితులు తేల్చారు. మన ప్రశ్నకు యోసే వాదన మరీ పనికిరాదు. అదే వాదన డాబా మీద నిలబడి చూసేవాడికీ వర్తిస్తుంది కదా. నా డాబా, నా కళ్ళు అని అతను అంటే, పూల్ యజమాని దగ్గర జవాబేముంటుంది?

ఈ కొలతతో చూస్తే నర్సరీలో అన్నిటికన్నా సులువుగా అంటగట్టే మొక్క ముందు ఓడిపోతుంది. కోనోకార్పస్ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఎండకు తట్టుకుంటుంది, రెండు మూడేళ్ళలో తల పైకెత్తుతుంది, కత్తిరిస్తే గోడలా నిలుస్తుంది. అందుకే తెలంగాణ ప్రభుత్వం ఊరూరా మొక్కలు నాటించిన హరితహారం రోజుల్లో రోడ్ల మధ్య వరసలు వరసలుగా నాటారు, విల్లాల చుట్టూ కంచెగా నిలిచింది. దాని వేర్లు తడి ఎక్కడుందో వెతుక్కుంటూ పైపులు, డ్రైనేజీలు, కేబుళ్ళ దాకా పోతాయన్న ఫిర్యాదులూ, గాలికి ఎగిరే పుప్పొడి ఊపిరి ఇబ్బందులున్నవాళ్ళకు పడదన్న ఆందోళనా పెరిగి, 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటొద్దని నిషేధించింది. దాని మీద పిట్ట వాలదని, ఆక్సిజన్‌ను అదే పీల్చేస్తుందని జనంలో తిరిగే కథలు నాకు అక్కర్లేదు. భయం అతిగా ఉందని చెప్పే వృక్షశాస్త్రవేత్తలూ ఉన్నారు, వాళ్ళ మాట వినదగ్గదే. అయినా పూల్ పక్కన సంగతి వేరు. అక్కడ భూమిలో పైపులుంటాయి, ఎప్పుడూ తడి ఉంటుంది, గోడకు అవతల ఇంకొకరి నీళ్ళ సంపు ఉంటుంది. ఆస్తమా ఉన్న పక్కింటి ముసలాయన తన కిటికీ మూసుకోవలసి వస్తే, మన మరుగుకు ఖర్చు ఆయన పెట్టినట్టే. ఇండోర్ మొక్కగా తెచ్చి నేలలో పాతే ఫైకస్ రకాలదీ ఇదే కథ. రావి, మర్రి కుటుంబపు ఆ వేరుకు పూల్ గోడ ఒక లెక్క కాదు.

గన్నేరు దగ్గర ప్రశ్న ఇంకా లోతుకు పోతుంది. మధ్యధరా ప్రాంతం నుంచి కాలిఫోర్నియా దాకా పూల్ చుట్టూ దీన్ని పెంచుతారు. నీళ్ళు తక్కువైనా బతుకుతుంది, ఎండను లెక్కచెయ్యదు, పూలు విరగబూస్తాయి. మన దగ్గర హైవేల మధ్య విరివిగా నాటేది ఇదే, శివుడి పూజకు కోసేదీ ఇదే. కానీ ఆకు, పువ్వు, కొమ్మ, పాలు అన్నిట్లోనూ గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే విషం ఉంది. ఎండిన ఆకులో కూడా అది పోదు, కొమ్మలు తగలబెడితే పొగలోనూ ఉంటుంది. పూజకు కోసే పెద్దవాళ్ళకు ఆ సంగతి తెలుసు, చెయ్యి కడుక్కుంటారు. పూల్‌కు వచ్చేవాళ్ళలో చిన్నపిల్లలుంటారు, వాళ్ళలో సగం మంది అతిథుల పిల్లలు. ఆ పిల్లవాడు తడి చేత్తో రాలిన పువ్వు తీస్తాడు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. పవిత్రమైన మొక్క కదా అన్న మాట ఇక్కడ సమాధానం కాదు. దేవుడికి సమర్పించేటప్పుడు మనిషి ఎరుకతో పట్టుకునేదాన్ని, ఎరుక లేని పిల్లల చేతికందేలా పెట్టడం భక్తి కిందికి రాదు. ఇంట్లో గన్నేరు ఉండకూడదని నేననడం లేదు. నీళ్ళ ఒడ్డున వద్దంటున్నాను.

మిగిలినవాటిలో ఏదీ నూటికి నూరు పాళ్ళు నిర్దోషి కాదు. వెదురులో కింద దుంపతో పాకే రకాలు హద్దు తెలియనివి, గచ్చు పలకలను లేపేస్తాయి. గుంపుగా ఒకచోటే ఎదిగే రకాలు మర్యాదస్థులే గానీ, సన్నటి ఆకులూ కాగితం లాంటి పొరలూ ఏడాది పొడుగునా రాలి స్కిమ్మర్ బుట్టను మూసేస్తాయి. నీళ్ళలో కుళ్ళే చెత్త ఎంత ఎక్కువైతే క్లోరిన్ అంత ఎక్కువ పొయ్యాలి. ఆ నీళ్ళు చివరికి పోయేది ఊరి మురుగులోకి, లేదంటే కింది పొలంలోకి. మనం అశోక అని పిలిచే నరమామిడి ఈ నేలదే. సన్నగా, నిటారుగా పెరుగుతుంది, పక్కలకు పెద్దగా పాకదు, దాని ఆకు పండగ తోరణానికి పనికొస్తుంది. పండ్ల కాలంలో రాత్రిళ్ళు గబ్బిలాలు వస్తాయి, తెల్లారేసరికి నీళ్ళలో గింజలు, రెట్ట ఉంటాయి. అందుకే పూల్ అంచుకు ఎనిమిది పది అడుగుల దూరం తప్పనిసరి. నా మటుకు నాకు నచ్చిన జోడీ బయటి వైపు నరమామిడి, దాని ముందు, మొదళ్ళ దగ్గర కొమ్మలు తీసేసి ఉంచే, నడుమెత్తు దాటే వావిలి లేదా గోరింట. గోరింట మన పెరళ్ళలో కంచెగా ఉన్నదే, నీరు పెద్దగా అడగదు. వావిలి బంజరులో కూడా బతుకుతుంది, కొమ్మ పాతినా నాటుకుంటుంది. బాలింతకు పోసేది దీని ఆకు వేసి కాచిన నీళ్ళే, స్నానానికీ ఈ మొక్కకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. వావిలి పూలకు తేనెటీగలు ముసురుతాయి, వట్టి కాళ్ళతో నడిచే గట్టుకు దాన్ని ఆనించి పెట్టకూడదు.

ఇంత లెక్క ఎందుకు, ఎనిమిదడుగుల గోడ కట్టేస్తే వేరూ లేదు, ఆకూ లేదు, విషమూ లేదు కదా అని అడగవచ్చు. నా సూత్రం ప్రకారమే చూస్తే గోడ గెలవాలి. కానీ గోడకూ దాటే గుణం ఉంది, అది వేడి రూపంలో ఉంటుంది. మధ్యాహ్నం కాగిన సిమెంటు రాత్రంతా రెండు వైపులా వేడి వదులుతుంది. గాలి విషయంలో కూడా అది అనుకున్నంత పని చెయ్యదు. గట్టి గోడను దాటిన గాలి అవతల సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. సందులున్న మొక్కల వరస గాలిని వడగట్టి, నెమ్మదించేలా చేసి, ఎక్కువ దూరం ప్రశాంతంగా ఉంచుతుంది. నీటి మీద గాలి తగ్గితే ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. ఇవన్నీ పక్కనబెట్టినా ఒక తేడా మిగులుతుంది. గోడ ఒకసారి కట్టాక యజమాని దాన్ని మరిచిపోవచ్చు. మొక్కల వరసను ప్రతి వానాకాలం కత్తిరించాలి, అవతలికి రాలిన ఆకులు ఊడ్చాలి, నిచ్చెన వెయ్యడానికి పక్కవాళ్ళ వాకిట్లోకి అడిగి వెళ్ళాలి. పొరుగువాడి నుంచి దాక్కోవడానికి నాటిన మొక్కే ఏడాదికోసారి అతనితో మాట్లాడిస్తుంది. మరుగు, పరిచయం రెండూ ఒకే వరసలో ఉండగలగడాన్ని నేను చిన్న లాభంగా చూడను.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పూల్ మీదే. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు పూల్‌లో డెబ్బై వేల లీటర్ల నీళ్ళు పడతాయి. ఎండాకాలం రోజుకు ఏడు మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైనా మూడు వందల యాభై లీటర్లు రోజూ గాల్లో కలుస్తాయి. ఆ నీళ్ళు బోరు నుంచి వస్తే అవి పక్క రైతు బోరు కింద ఉన్న నీళ్ళే. మొయినాబాద్ చుట్టూ ఉన్న నేల, 1908 మూసీ వరద తరవాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరివాహకంలోది. ఆ జలాశయాలను కాపాడాలనే 1996లో 111 జీవో వచ్చింది. అలాంటి చోట ముందు పూల్ తవ్వి, తరవాత దాని చుట్టూ ఏ మొక్క ధర్మమో తర్కించడం, దోచిన ధాన్యంతో చేసే అన్నదానం లాంటిదని ఎవరైనా అంటే నేను కాదనలేను. నేలకిందికి వేరుతో దాటినా పంపుతో దాటినా దాటడమే, నా సూత్రమే ఆ మాట చెబుతుంది. పొరుగు బోర్లు ఎండిపోయే చోట సరైన మొక్క అంటూ ఏదీ లేదు. తవ్వకపోవడమే అక్కడ సరైన పని. కానీ కప్పు మీద పడే వాన నీళ్ళు సంపులో పట్టి నింపుకునే పూల్స్, యాభై ఇళ్ళు కలిసి వాడుకునే ఒకే పూల్, ఇప్పటికే ఉన్న పూల్స్ కూడా ఉన్నాయి. వాటి చుట్టూ నీరు అడగని మొక్క నాటడం, గాలిని ఆపి ఆవిరిని తగ్గించడం ఆ తప్పు మొత్తాన్ని కడిగెయ్యకపోయినా తగ్గిస్తాయి. తగ్గించగలిగినదాన్ని తగ్గించకుండా ఉండటానికి పూర్తిగా పోదు కదా అన్నది సాకు కాకూడదు.

ఏ మొక్కా ఆపలేని చూపు ఒకటి ఉంది. కోకాపేట, నార్సింగి వైపు ముప్ఫై నలభై అంతస్తుల టవర్లు లేచాయి, వాటి బాల్కనీలకు కింద ఉన్న ప్రతి పూల్ అరచేతిలో ఉన్నట్టు కనపడుతుంది. దావీదు రాజు మేడ మీంచి స్నానం చేస్తున్న బత్షెబను చూసిన కథలో, ప్రవక్త నాతాను వచ్చి నిలదీసింది రాజునే, ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. తాల్ముద్ దీన్ని కట్టడం నియమంగానే మార్చింది: పక్కవాడి వాకిలికి ఆనుకుని మేడ ఉన్నవాడు నాలుగు మూరల ఎత్తు పిట్టగోడ కట్టాలి. ఖర్చు పైనున్నవాడిది. మన అపార్ట్‌మెంట్ల సంఘాలు, బిల్డర్లు ఈ బాధ్యతను తలకెత్తుకోవడం మొదలుపెడితే, కింద పూల్ యజమాని పది అడుగుల నరమామిడితో తృప్తిపడవచ్చు. నలభై అడుగుల కోనోకార్పస్ గోడ లేపాలన్న ఆరాటం చాలావరకు ఈ పైచూపు భయం నుంచి పుట్టిందే.

ఇప్పటికే అలాంటి గోడ లేపినవాళ్ళ సంగతేమిటి? తెలియక నాటారు, నీడా చాటూ అలవాటయ్యాయి, అటు పక్కవాళ్ళ గచ్చు పగిలింది. మిష్నా ఇక్కడ నాకు ఎంతో నచ్చే తీర్పు ఒకటి చెబుతుంది. నీళ్ళ గుంట ముందే ఉండి చెట్టు తరవాత వస్తే చెట్టు కొట్టెయ్యాలి, అయితే చెట్టు యజమానికి దాని ఖరీదు ఇవ్వాలి. చెట్టే ముందు ఉంటే కొట్టకూడదు. ఏది ముందో తేలకపోయినా కొట్టకూడదు. అంటే తప్పున్న చోట కూడా చెట్టు మీద కోపంతో గొడ్డలి ఎత్తడానికి లేదు. మన పరిస్థితికి దీన్ని ఇలా అన్వయించుకోవచ్చు: ఈ తొలకరికే లోపలి వైపు వావిలి, నరమామిడి వరస నాటాలి. వాటికి ఎత్తు వచ్చేదాకా కోనోకార్పస్‌ను పూతకు రాకముందే కత్తిరిస్తూ ఉండాలి. రెండు మూడు వానాకాలాల తరవాత, పక్కవాళ్ళ పైపులైన్ ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే మొదలంటా తీసెయ్యాలి. పగిలిన గచ్చు బాగుచేయించే ఖర్చు ఎవరు ఎంత భరించాలో అదే నిచ్చెన వేసే రోజు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.